ఆస్తమా ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోదు

పిల్లికూతలు, రాత్రి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఉబ్బసం అనగానే గుర్తొచ్చేవి ఇవే. రక్తనాళాల ఊసు ఎవరూ ఎత్తరు. దుమ్ము, బొద్దింకలు, వయ్యారిభామ పుప్పొడి పడక వచ్చే అలర్జీ ఆస్తమాలో ఆ ఊసూ ఎత్తాల్సిందే.

అపోహ: ఆస్తమాకూ రక్తనాళాలకూ సంబంధం లేదు.

వాస్తవం: ఉంది. రక్తనాళం లోపలి గోడకు ఒకే వరుస కణాలతో ఎండోథీలియం అనే పలచని పొర ఉంటుంది. అది విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ వల్ల నాళం కండరం సడలి, రక్తానికి దారి వెడల్పవుతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకు శాస్త్రవేత్తలు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ ఇచ్చారు. అలర్జీ ఆస్తమాలో శ్వాసనాళాల్లో పుట్టిన వాపు తాలూకు రసాయనాలు రక్తంలోనూ కలుస్తాయి. వాటి ప్రభావంతో ఈ పొర దెబ్బతింటే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గి, నాళం సడలాల్సినంత సడలదు. ఎలుకలకు అలర్జీ ఆస్తమా కలిగించి చేసిన ప్రయోగాల్లో వాటి బృహద్ధమని తీరు మారడం కనిపించింది.

మనుషుల సంగతి చూద్దాం. అమెరికాలో 'మీసా' అనే అధ్యయనంలో మెడ దగ్గరి కెరోటిడ్ ధమనులను అల్ట్రాసౌండ్‌తో పరీక్షించారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం, రోజూ మందు వాడాల్సినంత ఆస్తమా ఉన్నవారిలో సుమారు 67 శాతం మందికి కొవ్వు పేరుకుంది. ఆస్తమా లేనివారిలో అది దాదాపు 50 శాతం. ఆస్తమాయే కారణమని దీన్నిబట్టి తేల్చలేం. అయినా ఆస్తమా ఉన్నవారు బీపీ, షుగర్, కొలెస్టరాల్ చూపించుకోవడానికి ఈ తేడా చాలు.

అపోహ: అంటే ఆస్తమా ఉన్నవారందరికీ గుండెపోటు తప్పదు.

వాస్తవం: కాదు. అప్పుడప్పుడు వచ్చిపోయే ఆస్తమా ఉన్నవారికీ, అసలు లేనివారికీ కొవ్వు పేరుకోవడంలో ఆ అధ్యయనంలో తేడా కనిపించలేదు.

అపోహ: ఇన్‌హేలర్ గుండెను పాడుచేస్తుంది.

వాస్తవం: సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చాక గుండె దడ, చేతుల వణుకు రావచ్చు. సాధారణంగా కాసేపట్లో తగ్గిపోతాయి. అసలు ముప్పు దాంతోనే రోజులు నెట్టుకురావడంలో ఉంది. అది శ్వాసనాళాన్ని తెరుస్తుందే గానీ వాపు తగ్గించదు. వాపు తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. స్టెరాయిడ్ అన్న మాటకే భయపడి, పిల్లలకు కూడా ఆ మందు ఆపేసే ఇళ్లున్నాయి. ఇది చాలా బాధాకరం. ఉబ్బసం ముదిరినప్పుడు మింగే స్టెరాయిడ్ మాత్రల మోతాదు రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కొన్ని ఇన్‌హేలర్లలో ఒక పీల్పుకు అందేది 200 మైక్రోగ్రాములు, అంటే అందులో 200వ వంతు. మందు నోట్లో మిగలకుండా, పీల్చాక నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మేయండి. మృగశిర కార్తె చేపమందు వేసుకున్నామని కూడా ఇన్‌హేలర్ మానొద్దు. ఆ మందు పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు.

అపోహ: ఉబ్బసం ఉన్న మనిషికి ఆయాసం వస్తే అది ఉబ్బసమే.

వాస్తవం: ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, నొప్పి చేతికో దవడకో పాకుతుంటే అది గుండెది కావచ్చు. ఇన్‌హేలర్ పట్టుకుని కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇంకో జాగ్రత్త: బీపీకో పార్శ్వపు తలనొప్పికో డాక్టర్ మందు రాస్తుంటే ఆస్తమా ఉందని ముందే చెప్పండి. ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు శ్వాసనాళాలను బిగించేస్తాయి.