రాబోవు తరపు గ్రాఫిక్సు కార్డులు



మన ఓర్వకల్లు రాతివనమునందలి తెల్లని పలుగురాతిని మీరందరు ఎరుగుదురు. ఆ రాతియందలి మూలద్రవ్యములలో సిలికాను ఒకటి. కంప్యూటరు చిప్పులకు ఆధారమైన పదార్థమును అదియే. పట్టణములలో చదువుకొను మనుమలు క్రొత్త గ్రాఫిక్సు కార్డు వచ్చుచున్నది, కొనిపెట్టుడని అడుగుచుండగా, పంటసొమ్ము వెచ్చించు పెద్దలు ఆ వస్తువు గుణదోషములను తెలిసికొనుట యుక్తము.

తెరపై కనబడు బొమ్మ ముగ్గువలె చుక్కల కూర్పు. సామాన్యమైన తెరయందు అడ్డముగా 1,920, నిలువుగా 1,080, వెరసి 20,73,600 చుక్కలు కలవు. బొమ్మ చక్కగా కదలవలెనన్న వీని రంగులన్నియు సెకనునకు 60 మారులు నిర్ణయింపబడవలెను. కంప్యూటరునందలి ప్రధానమైన చిప్పు నేర్పరియైన సేద్యగాని వంటిది. ఎట్టి పనియైనను చేయగలదు, కాని ఒక్కసారికి కొన్ని పనులే. గ్రాఫిక్సు కార్డు వేరుసెనగ చేనిలో కలుపు తీయు కూలీల గుంపు వంటిది. ఒక్కొక్కరి పని చిన్నది, కాని వేలమంది ఒక్కమారే వంగి పని చేయుదురు.

అమెరికాలోని ఎన్విడియా కంపెనీవారి పెద్ద కార్డులను మూడు తరములుగా చూతము. 2020లో వెలువడిన 3090 అను కార్డునందు ఇట్టి గణకములు 10,496. విద్యుత్తు 350 వాట్లు. 2022 నాటి 4090 అను దానియందు 16,384, 450 వాట్లు. 2025 జనవరిలో వచ్చిన 5090 అను దానియందు 21,760, 575 వాట్లు. ఇది ముప్పాతిక హార్సుపవరు మోటారుతో సమానము. ఆ విద్యుత్తంతయు కడకు వేడిమియై గదిని కాచును. ధరయు 1,499 డాలర్లనుండి 1,999 డాలర్లకు పెరిగినది. మన దేశమున అది రెండు లక్షల రూపాయలకు పైబడినది.

దీనికి కారణమేమి? పూర్వము తరము మారినప్పుడెల్ల చిప్పుపైని మీటలు మిక్కిలి సూక్ష్మములై, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ పని జరిగెడిది. ఆ సూక్ష్మత సాధించుట నానాటికి కష్టమును, బహువ్యయమును అగుచున్నది. కడపటి రెండు కార్డులును ఇంచుమించుగా ఒకే పద్ధతిని తయారైనవి. కావున కూలీలను పెంచి, వారికి కూడు పెంచి పని రాబట్టిరి.

మరియొక ఉపాయము కలదు. 5090 తరమున నాలుగు చిత్రములలో ఒకదానినే గణించి, తక్కిన మూటిని కృత్రిమమేధచే ఊహించి నింపవచ్చును. కదలిక నునుపుగా తోచును గాని, ఆడువాడు మీట నొక్కినప్పుడు యంత్రము బదులిచ్చు వేగము దానివలన పెరగదు. రాబోవు తరమున ఈ ఊహాభాగము ఇంకను పెరుగునని నా తలంపు. కావున ఎన్నో రెట్లు వేగమను ప్రకటన చూచినపుడు, గణించినవెన్ని, ఊహించినవెన్ని అని ప్రశ్నింపుడు.

ధర తగ్గునని ఆశింపరాదు. కృత్రిమమేధకై కట్టు గణనకేంద్రములు జ్ఞాపకచిప్పులను విస్తారముగా కొనుటచే 2025 చివర వాని వెలలు మిక్కిలి పెరిగినవి. విశాఖపట్టణమున అట్టి కేంద్రమునకై గూగులు కంపెనీ 2025 అక్టోబరులో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడిని ప్రకటించినది. అట్టి ధనవంతులు అంగడిలో నిలిచినపుడు ఇంటివారి వంతు వెనుకబడుట సహజము.

మన ఓర్వకల్లున చిప్పుల కర్మాగారమునకై ఇండిచిప్ కంపెనీతో 2025 జనవరిలో ప్రభుత్వము ఒప్పందము చేసికొన్నది. దానివలన ఈ కార్డులు చౌకయగునని తలంపవలదు. అచ్చట తలపెట్టినవి విద్యుత్తును నియమించు సిలికాను కార్బైడు చిప్పులు. బొమ్మలు గణించునవి వేరు.

ఇక కర్తవ్యమేమి? వ్రాతకోతలకు, సామాన్యమైన చదువునకు వేరు కార్డు అక్కరలేదు. బొమ్మలు కూర్చు విద్యయో, కృత్రిమమేధయో అభ్యసించువానికి మధ్యరకము చాలును. 2025 ఏప్రిలులో వచ్చిన 5060 టీఐ అను కార్డు 16 గిగాబైట్ల జ్ఞాపకముతో 180 వాట్లకే పనిచేయును. క్రొత్త తరము వచ్చినపుడు దానిని ఇట్టి దానితో పోల్చి చూడుడు. ఏ పనికి, ఎంత జ్ఞాపకము, ఎన్ని వాట్లు అను మూడు ప్రశ్నలకు మనుమడు తృప్తికరముగా బదులు చెప్పినచో కొనిపెట్టుడు. లేనిచో ఆ సొమ్మును వాని పైచదువునకు నిలుపుడు.