పన్నెండు మందికీ సరిపోయే సంఖ్య

అక్కలారా, ఈ సంఖ్యను పైకి చదవండి: 27,720. కామాకు ఎడమ పక్కన ఉన్నవి వేలు. అంటే ఇరవై ఏడు వేల ఏడు వందల ఇరవై.

ఈ సంఖ్యలో ఒక వింత ఉంది. ఒక పొదుపు సంఘంలో 12 మంది ఉన్నారనుకుందాం. వాళ్ళ సొమ్ము 27,720 రూపాయలు. సమానంగా పంచితే తలా 2,310 వస్తుంది. ఒక్క రూపాయి కూడా మిగలదు. 11 మందే ఉంటే తలా 2,520. పది మందికైతే 2,772. తొమ్మిది మందికి 3,080. ఎనిమిది మందికి 3,465.

మరి ఏడుగురికి? ఏడుతో భాగహారం అంటే చాలామంది జంకుతారు. జంకక్కర్లేదు. 28,000లోంచి 280 తీసేస్తే 27,720. ఏడుగురికి 28,000 పంచితే తలా 4,000. 280 పంచితే తలా 40. నాలుగు వేలలో నలభై తీసెయ్యండి. 3,960! కాగితం, పెన్సిలు లేకుండానే లెక్క తేలిపోయింది.

ఆరుగురున్నా, ఐదుగురున్నా, ఇద్దరే ఉన్నా అంతే. 1 నుంచి 12 దాకా దేనితో భాగించినా ఏమీ మిగలని సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది ఇదే.

ఎందుకలా? 8, 9, 5, 7, 11 – ఈ ఐదింటినీ వరసగా హెచ్చవేస్తే 27,720 వస్తుంది. 8లోనే 2, 4 ఉన్నాయి. 9లో 3 ఉంది. 2, 3 కలిస్తే 6. 2, 5 కలిస్తే 10. 4, 3 కలిస్తే 12. వేరే ఏదీ కలపక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. బ్యాంకు పాసుబుక్కులో 27,720 ఉంది. సంఘం పుస్తకంలో 27,270 ఉంది. తేడా 450 రూపాయలు! ఎవరు తిన్నారని గొడవ మొదలవుతుంది. ఆగండి. 450లోని అంకెలు కూడండి. 4, 5, 0 కలిపితే 9. అంటే 450 తొమ్మిదో ఎక్కంలోదే. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదో ఎక్కంలోనే వస్తుంది. ఇక్కడ వందల్లోని 7, పదుల్లోని 2 చోటు మారాయి. ఒక పది వంద అయితే పెరిగేది 90. ఏడుకూ రెండుకూ తేడా 5. ఐదు తొంభైలు 450.

అలాగని అలాంటి తేడా వచ్చిన ప్రతిసారీ చేతిరాత తప్పే అనుకోవద్దు. రసీదులు తీసి సరిచూడాలి. కాకపోతే ముందు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఇక ఒక లెక్క మీరే చెయ్యండి. 27,720ని 13 మందికి పంచండి. తలా 2,132 ఇచ్చాక 4 రూపాయలు మిగిలాయా? 13 మందికీ సరిపోవాలంటే దీన్ని 13తో హెచ్చవేయాలి. 3,60,360 వస్తుంది. ఇదెంతో పైకి చదవండి.