వేఁటకాని మనఃపరిణామము

మృగయాశబ్దమునకు మూలమైన ధాతువునకు వెదకుట యని యర్థము. తెలుఁగున వేఁట యనఁగా మృగములఁ దఱిమి చంపుట మాత్రమే కాదు, గ్రామదేవతకుఁ గోయు జంతువు కూడ. వేటపోతు అను మాట నేఁటికిని వాడుకలో నున్నది. ఒకే కృత్యమును సంస్కృతము అన్వేషణముగాను, తెలుఁగు బలిగాను జూచినట్లున్నది. ఈ రెండు చూపుల నడుమ వేఁటకాని చిత్తము వయస్సుతోఁబాటు ఎట్లు మాఱునో, ఖమ్మము భద్రాచలముల సరిహద్దు టడవుల నాధారముగాఁ గొని విచారింపఁ దలఁచితిని.

భద్రాచలము తాలూకా 1860 లో నిజామునుండి ఇంగ్లీషువారి వశమై, 1874 లో గోదావరి మండలమునఁ జేరి, 1959 లో ఖమ్మము జిల్లాకు వచ్చినది. ప్రభుత్వము లెన్ని మాఱినను గోదావరి కిరుదరులఁ గోయలు, పాపికొండల దెసఁ గొండరెడ్లు నివసించుచునే యున్నారు. హైమెండార్ఫు పండితుఁడు ఈ రెడ్లను గూర్చి 1945 లోఁ బ్రకటించిన గ్రంథమునకు అడవిదున్నల కొండల రెడ్లు అని యర్థము వచ్చు పేరు పెట్టెను.

అమెరికాదేశపు విస్కాన్సిన్‌లో జాక్సను, నార్టను అను విద్వాంసులు వేఁటకాండ్రను బ్రశ్నించి, వారి యుద్దేశము లైదవస్థలఁ గడచునని చెప్పిరి. మొదట ఆయుధము ప్రయోగించుటయే ముచ్చట. పిదప పడిన జంతువుల సంఖ్య. ఆపైఁ బెద్దకొమ్ముల మృగము. నాలవది పద్ధతి, అనఁగాఁ దుపాకి విడిచి విల్లు పట్టుట వంటి కష్టమును గోరి తెచ్చుకొనుట. కడపట జంతువు చిక్కకున్నను అడవిలో నుండుటయే తృప్తి.

ఈ క్రమము కోయపల్లెకుఁ గొంతవఱకే పట్టును. ఉండేలుతోఁ బిట్టలఁ గొట్టు బాలుఁడు మొదటి యవస్థలోని వాఁడే, వాదము లేదు. కాని విత్తుటకు ముందు వచ్చు విజ్జపండుగలో మగవారు గుంపుగా వేఁట కేఁగుట యాచారము. ఉత్తచేతులతో మరలినవారిని ఆఁడువారు పరిహసింతురు. యువకునిఁ బ్రేరేఁచునది సంఖ్యాగర్వము కాదు, సిగ్గు. దొరకిన మాంసము పల్లెవారు పంచుకొందురు గాన లెక్క పెట్టుకొనుటకు వానికిఁ దనదని చెప్పఁదగినది మిగులదు. కొమ్ముల సంగతి మఱియు విశేషము. పాశ్చాత్యుఁడు వానిని గోడకు వ్రేలఁగట్టును. కొమ్ముకోయలు అడవిదున్న కొమ్ములను దలపైఁ దాల్చి డోలు వాయించుచు నాడుదురు. అవి చంపినవాని కీర్తికిఁ గాక, ఆడువారి యలంకారమునకై తరతరములు నిలుచును. ఇఁక విల్లన్ననో, అమెరికావాఁడు నాలవ మెట్టునఁ గోరి పట్టినది కోయవానికి బాల్యమునుండియుఁ జేతిలోనిదే!

మన కావ్యములలో ఈ మార్పు క్రమముగాఁ గాక ఒక్క పెట్టున వచ్చును. మనుచరిత్రమున స్వరోచి వరాహమునకు బాణ మెక్కుపెట్టఁగా, ఒక లేడి యడ్డువచ్చి తన్నే కొట్టుమని వేఁడును. వేఁటకాఁడు మృగము మాట వినెను. ఆ లేడియే వనదేవత యై స్వారోచిషమనువునకుఁ దల్లి యైనది. భద్రాచలమునకు సమీపమునఁ బర్ణశాలలో స్థలపురాణము చెప్పు బంగారులేడి కథయందును మృగము మాటలాడెను గాని, అచ్చట వేఁటకుఁ గారణము వేఁటకాని కోరిక కాదు, ఇల్లాలి కోరిక. బడులలో మనము వర్ణనల సొంపు చెప్పి విడుతుము. వేఁటాడువాఁడు ఏల వేఁటాడెనని విద్యార్థి నడుగము. ఇది లోపమని నా యభిప్రాయము.

1972 లో వన్యప్రాణిసంరక్షణ చట్టము పుట్టినది. అడవిదున్నను జంపుట పెద్ద నేరమైనది. 1977 లోఁ గిన్నెరసాని యభయారణ్యమయ్యెను. మృగముల క్షేమమునకు ఇది వలసినదే, కాదనను. అయినను, కడపటి యవస్థకు వయస్సు చేత రావలసినవారిని శాసనము నడుమ దారిలో నిలిపినది. విల్లు వంపలేని ముసలివాఁడు జాడ చూచి, గాలి చూచి, పడుచువారికి దారి చెప్పుటలోఁ బొందు తృప్తి యెట్టిదో చెప్పఁగలవా రిఁక కొలఁదిమందియే. 1972 నాఁటికి ఇరువదేండ్లవాఁడు నేఁడు డెబ్బది దాఁటినవాఁడు.

దుమ్ముగూడెము, చర్ల, పాల్వంచ, అశ్వారావుపేట ప్రాంతముల బడిపంతుళ్లు ఇట్టి వృద్ధుల కడకుఁ బోయి, అడుగుజాడలకు, ఉచ్చులకు, మృగముల కూఁతలకు వారు వాడు కోయమాటలను దెలుఁగు లిపిలో వ్రాసికొని యుంచవలెనని ప్రార్థన. మొదట అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: నీవు విల్లు దింపిన దినమున నీ యెదుట నేమున్నది?