అరబ్బు టీవీల పోరు, అరకు కొండల వార్త

గల్ఫ్‌లో ఉంటూ నెలనెలా మన సొసైటీకి చందా పంపే సోదరులు ఫోన్‌లో తరచు అడిగే మాట ఒకటుంది. "ఇక్కడ ఏదైనా గొడవ జరిగితే ఖతర్ టీవీ ఒకటి చెబుతుంది, సౌదీ టీవీ దాన్ని తిరగేసి చెబుతుంది. పోనీ మన ఊరి సంగతి చూద్దామని తెలుగు పేపరు తెరిస్తే అక్కడా అదే తంతు. ఏది నమ్మాలి?" న్యాయమైన ప్రశ్నే. ఈ ఏటి సావనీరులో దానికి కాస్త వివరంగా జవాబు రాద్దామనుకున్నాం. మన సేవా కార్యక్రమాలు చాలావరకు అరకు, పాడేరు మన్యంలో సాగుతున్నాయి కాబట్టి ఉదాహరణ కూడా అక్కడిదే తీసుకున్నాం. ఆ కొండల మీది బాక్సైటు కథలో అరబ్బుల డబ్బు, మన రాజకీయం, మన పత్రికలు మూడూ కలిశాయి.

ముందు అరబ్బుల సంగతి. 1990ల దాకా అరబ్బు దేశాల్లో టీవీ వార్తలంటే దాదాపుగా ప్రభుత్వ వార్తలే. రాజుగారు ఎవరిని కలిశారు, అధ్యక్షుడు ఏ వంతెన ప్రారంభించారు, అంతటితో సరి. 1994లో ఆర్బిట్ అనే సౌదీ కంపెనీ బీబీసీతో కలిసి అరబిక్ వార్తా ఛానెల్ పెట్టింది. సౌదీ ప్రభుత్వానికి నచ్చని కార్యక్రమం ఒకటి ప్రసారం కావడంతో 1996 ఏప్రిల్‌లో కంపెనీ తెగతెంపులు చేసుకుంది, ఛానెల్ మూతపడింది. పని పోయిన విలేకరుల్లో చాలామందిని ఖతర్ తీసుకుంది. అప్పటి అమీరు షేక్ హమద్ బిన్ ఖలీఫా ఇచ్చిన సొమ్ముతో 1996 నవంబర్ 1న దోహా నుంచి అల్ జజీరా మొదలైంది. ప్రతిపక్షాల వారిని, దేశ బహిష్కృతులను పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టి వాదింపజేస్తుంటే జనం టీవీలకు అతుక్కుపోయారు. పొరుగు ప్రభుత్వాలకు కంటి మీద కునుకు లేదు. దీనికి పోటీగా సౌదీ యాజమాన్యంలోని ఎంబీసీ సంస్థ 2003లో దుబాయి నుంచి అల్ అరేబియా నడపడం మొదలుపెట్టింది.

ఆ పోటీ ఎంతదాకా వెళ్లిందో 2017లో అందరూ చూశారు. ఆ జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతర్‌తో సంబంధాలు తెంచుకుని దారులు మూసేశాయి. తెరవాలంటే 13 షరతులు పెట్టాయి. అల్ జజీరాను మూసేయాలన్నది అందులో ఒకటి. ఒక దేశానికి విధించిన దిగ్బంధం ఎత్తేయడానికి టీవీ ఛానెల్ మూత షరతు కావడం విడ్డూరమే. 2021 జనవరి 5న అల్ ఉలాలో రాజీ కుదిరింది, ఛానెల్ మాత్రం మూతపడలేదు.

అల్ జజీరా చేసిన మేలు చిన్నది కాదు. 2022 మే 11న జెనిన్‌లో తూటాకు బలైన షిరీన్ అబూ అక్లే ఆ ఛానెల్ విలేకరే. అయితే అందరి ఇళ్లలోకీ తొంగిచూసే ఆ కెమెరా ఖతర్ రాజభవనం వైపు అంత పదునుగా తిరగదన్న విమర్శలోనూ నిజం ఉంది. అల్ అరేబియాకు రియాద్ విషయంలో అదే మొహమాటం. పొరుగింటి తప్పుల మీద రెండింటికీ బోలెడంత స్వేచ్ఛ ఉంది, సొంతింటి తప్పుల మీద లేదు. సొంతింటి తప్పు బయటికి చెప్పబోయిన సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ 2018 అక్టోబర్ 2న ఇస్తాంబుల్‌లోని తన దేశ కాన్సులేట్‌లోకి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు.

మనకు అమీర్లు లేరు. ఎన్నికలున్నాయి, కోర్టులున్నాయి. అయినా "రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్" సంస్థ 2024లో 180 దేశాలకు ఇచ్చిన పత్రికా స్వేచ్ఛ ర్యాంకుల్లో సౌదీది 166, ఇండియాది 159, ఖతర్‌ది 84. ఈ కొలమానంతో మాకు కొంత పేచీ ఉంది. అమీరును ఓటుతో దించలేని దేశం మనకన్నా అంత పైన ఎలా ఉందో మింగుడుపడదు. కానీ మన అంకె అంత కిందికి ఎందుకు దిగిందో తెలుగు రాష్ట్రాల చరిత్ర చూసిన వారికి కొంతవరకు అర్థమవుతుంది.

ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలోనే పుట్టింది. 1982లో ఎన్.టి.రామారావు తెలుగుదేశం పెట్టినప్పుడు ఆ పత్రిక ఇచ్చిన ఊతం అందరికీ తెలిసిందే. 2004లో ముఖ్యమంత్రి అయిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి ఈనాడు, ఆంధ్రజ్యోతి పేర్లెత్తకుండా "ఆ రెండు పత్రికలు" అనేవారు. 2006లో రామోజీ గ్రూపుకు చెందిన మార్గదర్శి ఫైనాన్షియర్స్ డిపాజిట్ల మీద కేసు మొదలైంది. అది కక్ష సాధింపని ఒక పక్షం, చట్టం తన పని తాను చేసుకుపోతోందని రెండో పక్షం వాదించాయి. 2007లో పత్రికల మీద పరువు నష్టం కేసులు వేసే అధికారాన్ని సమాచార శాఖకు ఇస్తూ జీవో 938 వచ్చింది. గగ్గోలు రేగాక దాన్ని పక్కన పెట్టారు. 2008 మార్చిలో వై.ఎస్. కుమారుడు జగన్ సాక్షి పత్రికను తెచ్చారు. అప్పటి నుంచి తెలుగు ఇంట్లో ఏ పేపరు పడుతుందో చూస్తే ఓటు ఎటో సగం తెలిసిపోతుంది. ఒకరిది "ఎల్లో మీడియా", ఇంకొకరిది "బ్లూ మీడియా".

ఇక కొండల్లోకి వెళ్దాం. విశాఖ నుంచి అరకు వెళ్లేవారు ఘాట్ రోడ్డులో గాలికొండ దగ్గర ఆగి ఫొటోలు దిగుతారు. ఆ కొండ నెత్తిన ఉన్నది బాక్సైటు, అల్యూమినియానికి ముడిసరుకు. వాన నీటిని ఒడిసిపట్టి ఊటలుగా కిందికి వదిలేది ఆ పొరేనని గిరిజనులు చెబుతారు. ఊట ఎండితే కింద కాఫీ తోట ఉండదు, వరి మడి ఉండదు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి ఇవ్వకూడదని 1 ఆఫ్ 70 చట్టం చెబుతోంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద 'సమత' సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న ఇంకో మెట్టు ఎక్కింది. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది.

ఆ తీర్పులోంచి ప్రభుత్వాలు ఒక సందు వెతికాయి. తవ్వేది ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ, కొనుక్కునేది ప్రైవేటు కర్మాగారం. ఆ లెక్కన అరకు వైపు బాక్సైటుకు 2005 జూలైలో జిందాల్ కంపెనీతో, జెర్రెల వైపు బాక్సైటుకు 2007 ఫిబ్రవరిలో రస్ అల్ ఖైమాతో ఒప్పందాలు కుదిరాయి. రస్ అల్ ఖైమా యూఏఈలోని ఏడు ఎమిరేట్లలో ఒకటి. మన దాతల్లో కొందరు పనిచేసేది అక్కడే. నర్సీపట్నం దగ్గర మాకవరపాలెంలో లేచిన కర్మాగారం పేరు అన్‌రాక్. ఆంధ్రలో 'అన్', రస్ అల్ ఖైమాలో 'రాక్'.

ఒప్పందాలు కాంగ్రెస్ ప్రభుత్వంలో జరిగాయి. అప్పుడు తెలుగుదేశం వ్యతిరేకించింది. 2015 నవంబర్ 5న తెలుగుదేశం ప్రభుత్వమే 1,212 హెక్టార్ల అటవీ భూమిలో తవ్వకానికి జీవో 97 ఇచ్చింది. ఈసారి వ్యతిరేకించడం వైఎస్సార్ కాంగ్రెస్ వంతు. ఆ డిసెంబర్‌లో జగన్ చింతపల్లిలో సభ పెట్టారు. గెలిచాక 2019 సెప్టెంబర్‌లో ఆయన ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది. పార్టీలు ఇలా చోట్లు మార్చుకున్నప్పుడల్లా వాటి వెంట నడిచే పత్రికల గొంతూ మారింది. నిన్న "గిరిజనుల గోస" అయినది ఇవాళ లోపలి పేజీలోకి జారింది, ఎదుటి పత్రికలో మొదటి పేజీకి ఎక్కింది. కొండ మాత్రం అదే కొండ, ఊటా అదే ఊట.

డబ్బు దారి కూడా చెప్పుకోవాలి. అదే రస్ అల్ ఖైమా భాగస్వామ్యంతో 2008లో కోస్తాలో వాన్‌పిక్ ఓడరేవుల ప్రాజెక్టు తలపెట్టారు. ఆ ప్రాజెక్టులోని భారతీయ భాగస్వామి సాక్షిని నడిపే జగతి పబ్లికేషన్స్‌తో సహా జగన్ సంస్థల్లో పెట్టిన పెట్టుబడి, పొందిన మేలుకు బదులేనని సీబీఐ అభియోగం. నిందితులు కాదంటున్నారు, విషయం కోర్టు ముందుంది. తీర్పు చెప్పడం మా పని కాదు. పత్రిక పెట్టుబడి, ఓడరేవు భూములు ఒకే కేసు కాగితాల్లో కలిసి కనిపిస్తున్నాయన్నదే మేము చెప్పదలచింది. ఆ కేసులోనే 2012 మేలో సాక్షి బ్యాంకు ఖాతాలను స్తంభింపజేశారు, ప్రభుత్వ ప్రకటనలూ ఆగాయి. పత్రిక నోరు మూయించాలంటే ప్రెస్సుకు తాళం వేయనక్కర్లేదు. ప్రకటనలు ఆపితే చాలు, లేదా ఎదుటి పత్రికకు పాఠకుల్ని కొనిపెడితే చాలు. గ్రామ, వార్డు వాలంటీర్లకు పేపరు కొనుక్కోమని జగన్ ప్రభుత్వం నెలకు 200 రూపాయలు మంజూరు చేసినప్పుడు, అది సాక్షి కోసమేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది.

టీవీ సంగతి ఇంకా సులువు, వైరు పీకితే సరి. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన రెండు వారాలకే అక్కడి కేబుల్‌లో టీవీ9, ఏబీఎన్ మాయమయ్యాయి, నెలల తరబడి రాలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 వంతు వచ్చింది. ఆ సంస్థలు టెలికాం ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి. 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారింది. ఈసారి ఆగింది సాక్షి, టీవీ9, ఎన్టీవీ వంటివి. టీవీ9 వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు ప్రసారాలు పునరుద్ధరించమని కేబుల్ సంస్థలను ఆదేశించింది. ప్రతిసారీ ప్రభుత్వం "మాకేం సంబంధం, కేబుల్ వాళ్ల ఇష్టం" అనే అంది. ఖతర్ మీద 13 షరతులు పెట్టినవాళ్లు కనీసం వాటిని కాగితం మీద రాశారు.

ఈ పోరులో అందరికంటే బలహీనుడు మండల విలేకరి. ఆయనకు నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తకు ఇంత అని లెక్క, అదీ అన్ని చోట్లా సరిగ్గా అందదు. సంక్రాంతికి, ఉగాదికి ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా ఆయనదే. క్వారీ యజమాని దగ్గర ప్రకటన తీసుకున్నవాడు ఆ క్వారీ దుమ్ము గురించి ఎంత రాయగలడో ఎవరికివారు ఊహించుకోవచ్చు. మన్యంలో పైగా ఇంకో చిక్కుంది. అడవిలోకి వెళ్లి వచ్చినవాడిని పోలీసులు అనుమానిస్తారు, పోలీసు స్టేషన్‌కు వెళ్లినవాడిని మావోయిస్టులు అనుమానిస్తారు. 2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టులో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపిన నాటి భయం ఇంకా పూర్తిగా పోలేదు. ఇంత కష్టపడి రాసిన వార్త కూడా జిల్లా పేజీల్లోనే మిగిలిపోతుంది, రాజధానిలో కూర్చున్న అధికారి కంట పడదు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లకు తమ భాషలో దినపత్రికే లేదు.

పార్టీల నీడ లేని పత్రిక అసలు సాధ్యమా అని అడిగేవారికి మన సమాజంలోనే ఒక పేరుంది. షోయబుల్లా ఖాన్ హైదరాబాదులో 'రయ్యత్' అనే ఉర్దూ పత్రికలో పనిచేశారు. నిజాం ప్రభుత్వం దాన్ని మూయించింది. ఆయన 1947లో బూర్గుల రామకృష్ణారావు తోడ్పాటుతో 'ఇమ్రోజ్' దినపత్రిక పెట్టి, రజాకార్ల ఆగడాలను ఎండగట్టారు, హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని రాశారు. సొంత మతంవారే తనను ద్రోహి అంటారని తెలిసీ రాశారు. 1948 ఆగస్టు 21 రాత్రి ఇంటికి వెళ్తుండగా దుండగులు కాల్చి, రాసే చేతిని నరికారు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. పొరుగింటి తప్పు రాయడం సులువు, ఆయన రాసింది తన ఇంటి తప్పు. బూర్గులలాంటి వారు డబ్బిచ్చారు గానీ ఆ డబ్బుకు బదులు ఓడరేవేమీ అడగలేదు.

యూఏఈలో ఉన్న సోదరులకు ఒక హెచ్చరిక కూడా. అక్కడ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సైబర్ చట్టం ప్రకారం తప్పుడు వార్తను పంచుకోవడమూ నేరమే. కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హాముల జరిమానా పడవచ్చు. ఇక్కడి పార్టీల వాట్సాప్ వీడియోలను గానీ, అక్కడి దేశాల మధ్య తగవుల మీద వ్యాఖ్యలను గానీ గ్రూపుల్లో ముందుకు పంపేముందు ఆగండి.

ఇక మన వంతు. పాడేరులో మనం నడుపుతున్న పిల్లల చదువుల గదికి ఇప్పటిదాకా ఒకే పేపరు వస్తోంది. రాబోయే ఏడాది నుంచి ఎదురెదురు పక్షాల పేపర్లు రెండు, ఇంగ్లిషు పేపరు ఒకటి, ఉర్దూ పేపరు ఒకటి తెప్పించాలని కార్యవర్గం నిర్ణయించింది. వారానికోసారి ఒకే సంఘటన మీద నాలుగు పేపర్లు ఏమన్నాయో పిల్లలే పక్కపక్కన పెట్టి గట్టిగా చదువుతారు. ఏ పేపరు ఏది వదిలేసిందో నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఆ ప్రాంతం వార్తను వాళ్ల సొంత భాషలో రాసి గోడకు అంటించే ఏర్పాటు కూడా ఉంటుంది. వీటికి జకాత్ సొమ్ము ముట్టుకోం, అది పేదలకే చెందాలి. పత్రికల చందా భరించదలచినవారు పంపే సొమ్ము మీద "చదువుల గది, లిల్లాహ్" అని రాస్తే చాలు.