పాత రీళ్లే మన్నుతాయా? గాలం రీళ్లపై అపోహలు – వాస్తవాలు

గాలం వేసేవాళ్లు నలుగురు చేరితే రీళ్ల మాట రాకుండా ఉండదు. విశాఖ రాళ్ల మీద పండుగప్ప కోసం నిలబడేవాళ్లయినా, గోదావరి రేవుల్లో వాలుగ కోసం కూర్చునేవాళ్లయినా చివరికి ఒక్కచోటికే వస్తారు: "ఆ రోజుల్లో రీల్ అంటే రీలండీ, తరాలు దాటేది. ఇప్పటివి రెండేళ్లకే మూలపడుతున్నాయి." ఈ మాటకు సాక్ష్యాలూ ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో 1932లో మొదలైన పెన్ కంపెనీ 1936లో తెచ్చిన సెనేటర్, స్వీడన్‌లోని స్వెంగ్‌స్టాలో గడియారాల ఫ్యాక్టరీగా పుట్టిన ఆబూ 1950లలో చేసిన ఎర్రటి అంబాసడర్ 5000, ఫ్రాన్స్‌లోని క్లూజ్ పట్టణంలో తయారైన మిచెల్ 300. ఈ పేర్లున్న పాత రీళ్లు ఇప్పటికీ చేపలు పడుతున్నాయి. అవి ఎందుకు నిలిచాయన్న దగ్గరే అపోహలు మొదలవుతాయి. రీల్ పుట్టిన సంవత్సరం కంటే, దాన్ని విప్పి శుభ్రం చేయగలమా, అరిగిన భాగం మార్చగలమా, దాని మీద ఎంత భారం వేస్తున్నాం అన్నవే దాని ఆయుష్షును ఎక్కువగా తేలుస్తాయి.

అపోహ: పాతకాలంలో చేసినవన్నీ గట్టివే.

ఈ రోజు మన చేతికి వచ్చే పాత రీల్ బతికి బయటపడినది. దానితోపాటు అదే ఏడాది అమ్ముడై, విరిగి, పాతసామాను వాడి బండెక్కినవాటిని మనం చూడలేదు. అప్పటి చవక రీళ్లలో జింకు పోత గేర్లుండేవి. కొంతకాలానికి వాటి పళ్లు రాలిపోయేవి. పక్క పలకలకు వాడిన బేకలైట్ ఉప్పునీటికి లొంగదు గానీ, రాయి మీద పడితే పగులుతుంది. స్పిన్నింగ్ రీళ్లలో బెయిల్‌ను మూసే చిన్న స్ప్రింగు తరచూ విరిగేది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పెట్టెలో ఒక స్ప్రింగు అదనంగా ఉంచుకునేవాళ్లు.

అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ స్పూళ్లది. తొలినాటి సముద్రపు రీళ్లు నార దారం కోసం చేసినవి. ఆ దారాన్ని వేట అయ్యాక విప్పి ఆరబెట్టకపోతే కుళ్లిపోయేది. తర్వాత నైలాన్ తంగూసు వచ్చింది. ఆరబెట్టే బాధ తప్పింది, కొత్త బాధ వచ్చింది. పెద్ద చేప లాగినప్పుడు సాగిన తంగూసు, స్పూల్ మీద చుట్టుకున్నాక మళ్లీ కుదించుకోవాలని చూస్తుంది. వందల చుట్లు కలిసి పిండితే ప్లాస్టిక్ స్పూళ్లు పగిలిపోయేవి. అందుకే తంగూసు వాడేవాళ్లు లోహపు స్పూళ్లకు మారారు. అంటే పాత రీళ్లకూ వాటి కాలం నాటి బలహీనతలున్నాయి. వాటితో కష్టపడ్డ తరం ఇప్పుడు మాట్లాడటం లేదు, అంతే.

అపోహ: చేతిలో బరువుగా ఉంటేనే మన్నిక. తేలిక బాడీ అంటే బొమ్మ.

ఉప్పునీటి దగ్గర ఈ నమ్మకం చాలామందికి నష్టం చేస్తోంది. అల్యూమినియం బాడీ గట్టిదే, వంగదు. కానీ దాన్ని కాపాడేది పైపూత. ఆ పూత ఎక్కడ గీరుకుపోతే అక్కడినుంచి ఉప్పు లోపలికి పాకి, రంగు కింద తెల్లటి పొడి పొంగుతుంది. దానికి తోడు అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు బిగిస్తారు. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే బ్యాటరీలో జరిగే చర్యే అక్కడా జరుగుతుంది. అల్యూమినియం తినేసుకుపోయి స్క్రూ లోపలే పట్టేస్తుంది. బలవంతాన తిప్పితే తల ఊడి వస్తుంది, రీల్ ఇక విప్పలేం. కొత్త రీల్ కొన్నరోజే బయటి స్క్రూలు ఒక్కొక్కటిగా తీసి, మరలకు కొద్దిగా మెరైన్ గ్రీజు రాసి బిగించుకోవడం కంటే పెద్ద ఆయుర్రక్షణ ఇంకొకటి నాకు తెలియదు.

కార్బన్ పోగులు కలిపిన నైలాన్ బాడీ, అంటే వాడుకలో గ్రాఫైట్ బాడీ, అసలు తుప్పే పట్టదు. దాని లోపం వేరు. పెద్ద భారం పడితే కొంచెం వంగుతుంది. వంగినప్పుడు గేర్ల పళ్లు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోక త్వరగా అరుగుతాయి. చెరువులో రాగండి, బొచ్చెలకు అది ఎన్నేళ్లయినా చాలు. పడవ మీద నుంచి వంజరాన్ని, ట్యూనాను లాగేవాడికి మాత్రం లోహపు బాడీ కావాలి.

అపోహ: బేరింగులు ఎన్ని ఎక్కువుంటే అంత కాలం వస్తుంది.

బేరింగు నునుపుదనాన్నిస్తుంది, ఆయుష్షును కాదు. ఆబూ అంబాసడర్ 5000లో స్పూల్ తిరిగేది బుష్‌ల మీదే. బాల్ బేరింగులు 5000సీ మోడల్‌లో వచ్చాయి. కంచు బుష్ మీద చిలుము పట్టినా తిరుగుతుంది. స్టీల్ బేరింగులో ఒక్క గుండు తుప్పు పట్టినా గరగరమంటుంది. డబ్బా మీద రాసిన అంకెను చూసి మోసపోవద్దు.

అపోహ: సీల్ వేసిన కొత్త రీల్‌ను నీళ్లలో ముంచినా ఏమీ కాదు.

పెన్ స్పిన్‌ఫిషర్ 6కు ఐపీఎక్స్5, స్లామర్ 3కు ఐపీఎక్స్6 రేటింగు ఉంది. ఈ రెండు అంకెలూ చెప్పేది పైపు నుంచి ధారగా కొట్టిన నీటిని తట్టుకోవడం గురించి. ఐపీఎక్స్5 పరీక్షలో నిమిషానికి 12.5 లీటర్ల ధార, ఐపీఎక్స్6లో 100 లీటర్ల ధార కొడతారు. నీళ్లలో మునగడానికి పరీక్ష వేరే, అది ఐపీఎక్స్7. కాబట్టి రాళ్ల మీద అల కొట్టడం ఒకటి, రీల్ నీట మునిగిపోవడం ఇంకొకటి. పైగా సీల్ అంటే రబ్బరే. అరుగుతుంది, ఎండుతుంది. అది బలహీనపడ్డాక లోపలికెళ్లిన ఉప్పునీరు బయటికి రాలేక అక్కడే ఉండిపోతుంది. సీల్ లేని పాత రీల్‌ను ఏటా విప్పే అలవాటు ఉండేది కాబట్టి ఆ ఉప్పు బయటపడేది. సీల్ ఉందన్న ధైర్యంతో విప్పకపోవడమే కొత్త రీళ్లను ఎక్కువగా చంపుతోంది.

కడిగే పద్ధతి పాతదానికీ కొత్తదానికీ ఒకటే. డ్రాగ్ నాబ్ బిగించి, మంచినీళ్లు సన్నగా పోసి, తుడిచి, నీడలో ఆరనిచ్చి, దాచే ముందు డ్రాగ్ వదులు చేయాలి. బిగించి ఉంచితే లోపలి వాషర్లు అణిగిపోయి, ఆ తర్వాత దారం కుదుపులతో వెళ్తుంది. కార్లు కడిగే ప్రెజర్ పైపు మాత్రం ఎప్పుడూ వాడకండి. అది ఉప్పును లోపలికి నెడుతుంది.

అపోహ: జామైన రీల్‌కు డబ్ల్యూడీ-40 కొడితే సరిపోతుంది.

1953లో శాన్ డియాగోలో ఆ ద్రవాన్ని తయారుచేసింది తేమను తోలి తుప్పును ఆపడానికి. అది గేర్ల మీద ఉన్న గ్రీజును పలచబరిచి కడిగేస్తుంది, దాని స్థానంలో గ్రీజులా నిలవదు. పాత రీల్ బిగుసుకుపోయిందంటే చాలాసార్లు చెడిపోయిందని కాదు, దశాబ్దాల నాటి గ్రీజు మైనంలా గడ్డకట్టిందని. విప్పి, కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు వేస్తే తిరుగుతుంది. కొత్త రీల్‌లో ఒకచోట ఈ పద్ధతి తిరగబడుతుంది. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ క్లచ్‌కు గ్రీజు పెడితే అది జారుతుంది, చుక్క పలచటి నూనె చాలు. పాత రీళ్లలో ఆ పని చేసే కొక్కెం, పళ్ల చక్రం గ్రీజునూ మురికినీ లెక్కచేయవు.

అపోహ: అప్పుడు పెద్ద చేపను లాగిన రీల్ ఇప్పుడూ అలాగే లాగుతుంది.

చేప మారలేదు, దారం మారింది. 1990ల నుంచి వచ్చిన అల్లిక దారం, అదే మందం తంగూసు కంటే సుమారు మూడు రెట్లు బలమైనది, దాదాపు సాగదు. తంగూసు సాగి మింగేసే కుదుపు అంతా ఇప్పుడు గేర్ల మీద, డ్రాగ్ మీద పడుతుంది. లాగే బలం పరిమితి ఒకప్పుడు దారానిది, రీల్ మీద భారం పెరిగేలోపు దారమే తెగేది. తెగని దారం వేశాక రీలే బలహీనమైన భాగమవుతుంది. పాత లైన్ రోలర్ల మీద అల్లిక దారం గాడి కోస్తుంది, ఆ గాడి తిరిగి దారాన్ని కోస్తుంది. తాతగారి రీల్‌ను గౌరవంగా వాడదలిస్తే దానికి తంగూసే వేయండి.

అపోహ: కొత్తవన్నీ వాడి పారేయడానికే.

వీటి లోహమూ, గేర్ల నునుపూ, కార్బన్ డ్రాగ్ వాషర్ల పట్టూ వెనకటి తోలు వాషర్ల కంటే ఎంతో మెరుగు. పాతవాటిదే పైచేయి అయ్యేది విడిభాగాల దగ్గర. పెన్ సెనేటర్, జిగ్‌మాస్టర్ లాంటి మోడళ్ల నిర్మాణం దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. అందుకే ఒకదాని భాగం ఇంకో తరం రీల్‌కు పట్టేది. ఇప్పుడు కొన్నేళ్లకొకసారి మోడల్ మారుతుంది, ఆగిపోయిన మోడల్ భాగాలు కొంతకాలమే దొరుకుతాయి. దేశీ దుకాణాల్లో ఆ కాలం ఇంకా తక్కువ. కాబట్టి కొనే ముందు ఆ మోడల్ భాగాల పటం దొరుకుతుందో లేదో చూడండి. కొన్నప్పుడే లైన్ రోలర్ బేరింగు, రోలర్ క్లచ్, బెయిల్ స్ప్రింగు, ఒక జత డ్రాగ్ వాషర్లు అదనంగా తెప్పించి, కవరు మీద మోడల్ నంబరు రాసి రాడ్ పెట్టెలో పెట్టుకోండి.