చెలకలో చక్రం జారితే

ఏమిరా పెద్దోడా, మీ నాయన 40 హెచ్‌పీ ట్రాక్టరంటడు, నువ్వు 20 చాలంటవు. నాలుగెకరాల చెలకకు ఏది మేలని నన్నడిగితే, ఇద్దరూ ఇంజను ముచ్చటే చెప్తున్నరు, టైరు ముచ్చట విడిచిపెట్టిన్రు అంట.

ఒక హెచ్‌పీ 746 వాట్లు. 20 హెచ్‌పీ ఇంజను దగ్గర దగ్గర 15 కిలోవాట్లు. గేర్లల్ల, టైర్లల్ల పోయింది పోను, నాగలి దాకా వచ్చేది సగమే అనుకో. గంటకు 4 కిలోమీటర్ల నడకలో ఆ సగంతోనే 680 కిలోల బరువంత గట్టిగ లాగొచ్చు. కాగితం మీద! బండి బరువేమో 800 కిలోలాయె. దున్నిన మట్టిలో టైరు పట్టు తన మీదున్న బరువులో సగం ఉంటే గొప్ప. 400 దాటంగనే చక్రం ఉన్నకాడనే తిరుగుతది, డీజిల్ కాలుతది, సాలు మాత్రం సాగదు. వెనుక టైర్లల్ల నీళ్లు నింపేది అందుకే. ఎడ్ల జత చేసేది ఇంచుమించు ఒక్క హెచ్‌పీ పని, అయినా గిట్టలు మట్టిలో దిగుతయి కాబట్టి జారవు.

ఈ చిక్కును ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ బాగా పట్టుకున్నడు. నాగలిని వెనుక ఈడ్చుకపోకుండ మూడు కడ్డీలతో బండికే బిగించి, హైడ్రాలిక్‌తో లోతు దిద్దే పద్ధతికి 1926లో పేటెంటు తీసుకున్నడు. మట్టి నాగలిని పట్టి గుంజిన కొద్దీ వెనుక చక్రాల మీద బరువు పెరుగుతది. తేలికబండి కూడా నేలను కరుచుకుంటది. ఇయ్యాల దాదాపు ప్రతి ట్రాక్టరు వెనుకా ఉన్నయి ఆ మూడు కడ్డీలు.

రోటావేటర్‌కు చక్రం జారే బాధ తక్కువ. దాని శక్తి చక్రంల నుంచి రాదు, ఇంజను తిప్పే పీటీఓ షాఫ్టుల నుంచి వస్తది, నిమిషానికి 540 చుట్లు. పైగా బ్లేడ్లు బండిని ముందుకే నూకుతయి. 20 హెచ్‌పీ మినీ ట్రాక్టరుకు ఇదీ, మందు కొట్టే పంపూ, పత్తి సాళ్ల మధ్య గుంటకా సరిగ్గ సరిపోతయి. అట్లని ఏటా రోటావేటరే తిప్పితే మన ఎర్రమట్టి పిండయితది. వాన పడి ఎండంగనే పైన పెచ్చు కడుతది, పల్లి మొలక తల ఎత్తలేదు. లోతు దుక్కి ఎండాకాలం ఒక్కసారి పెద్దబండిని కిరాయికి పిలిచి దున్నించుడే నయం. దానికోసం 40 హెచ్‌పీ కొని ఏడాదంతా కొట్టంల నిలబెట్టుడెందుకు?

కొనే ముందు డెమోకొచ్చినోడు రోడ్డు మీద తిప్పి చూపిస్తే ఒప్పుకోకు. కల్టివేటర్ తగిలించి మన చెలకలనే దింపమను. వెనుక టైరు మీద సుద్దగీత గియ్యి. కల్టివేటర్ ఎత్తిపెట్టి టైరు పది చుట్లు తిరిగే దూరం కొలువు, దించి మళ్ల కొలువు. మొదట 40 మీటర్లొచ్చి, తర్వాత 34 కంటే తగ్గిందా, జారుడు 15 శాతం దాటినట్టే. బరువు పెంచమను, లేదంటే కల్టివేటర్ పండ్లు రెండు తీసెయ్యమను.