మినీ ట్రాక్టర్‌కి ల్యాండ్‌స్కేప్ రేక్: మట్టిని గీకకుండా ఆచ్ఛాదన సర్దేలా ఎలా బిగించాలి?



ప్రకృతి సేద్యంలో జీవామృతం కలపడం పెద్ద కష్టం కాదు. అసలు కష్టం ఆచ్ఛాదన. వరిగడ్డి కుప్పలు తోటలోకి తోలాలి, పరవాలి, రాలిన ఆకులూ అలములూ సాళ్ల మధ్య నుంచి చెట్ల వైపు జరపాలి. కూలీలు దొరక్క చాలామంది ఈ పనినే వదిలేస్తున్నారు. ఆచ్ఛాదన లేకపోతే ఎండకి నేల కాలిపోతుంది, తేమ ఆరిపోతుంది, పోసిన జీవామృతానికి పూర్తి ఫలితం రాదు. అందుకే ఈసారి ల్యాండ్‌స్కేప్ రేక్ గురించి రాస్తున్నా. బిగించే విధానం వీడియోలో ఉంది. కొలతలూ సెట్టింగులూ పక్కన పెట్టుకుని చూసుకోడానికి ఈ వ్యాసం.

ఇదేంటంటే, మనం చేత్తో లాగే పళ్ల దంతె లాంటిదే. ఒక ఇనుప కడ్డీకి వరసగా వంపు తిరిగిన స్ప్రింగ్ స్టీల్ పళ్లు ఉంటాయి. ట్రాక్టర్ వెనక మూడు పాయింట్ల లింకేజీకి తగిలిస్తాం. రొటావేటర్ లాగా పీటీవో అక్కర్లేదు, తిరిగే భాగాలు లేవు, డీజిల్ ఖర్చూ తక్కువే. గడ్డి, ఆకులు, చిన్న రాళ్లు దగ్గరికి లాగుతుంది, పరుస్తుంది. ఐతే సరిగ్గా బిగించకపోతే పైమట్టిని గీకేస్తుంది. మనం రెండు మూడేళ్లు కష్టపడి పెంచుకున్న వానపాముల పొర, పైపైన ఉండే పీచు వేర్లు ఒక్క పూటలో పోతాయి. కాబట్టి కొనడం కన్నా బిగించడమే ముఖ్యం.

కొనే ముందు కొలవాల్సినవి

ముందు మీ ట్రాక్టర్ లింకేజీ ఏ కేటగిరీయో చూడండి. కేటగిరీ 1 ఐతే కింది పిన్నులు 22 మిల్లీమీటర్లు, టాప్ లింకు పిన్ను 19 మిల్లీమీటర్లు, కింది రెండు పాయింట్ల మధ్య దూరం సుమారు 683 మిల్లీమీటర్లు. చిన్న ట్రాక్టర్లలో కొన్నిటికి ఇరుకు రకం, అంటే 1ఎన్ ఉంటుంది. పిన్ను సైజు అదే గానీ మధ్య దూరం 400 మిల్లీమీటర్లే. పిన్ను పట్టింది కదా అని చేతుల్ని బలవంతంగా సాగదీసి తగిలించొద్దు. రేక్ ఫ్రేమే మీ లింకేజీకి సరిపోయేలా తీసుకోండి, లేదా వర్క్‌షాపులో మార్పించుకోండి.

రెండోది వెడల్పు. రేక్ రెండు వెనక టైర్ల జాడల్నీ కప్పాలి. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 5 అడుగుల రేక్‌ని 30 డిగ్రీలు పక్కకి తిప్పితే అది పనిచేసే వెడల్పు 4.3 అడుగులకి తగ్గుతుంది. వాలుగా పెట్టి వాడాలనుకుంటే ఆ లెక్కతోనే కొనండి.

తగిలించడం

1. చదునైన చోటు చూడండి. కళ్లం గానీ సిమెంటు గచ్చు గానీ బెస్ట్. వెనక టైర్లు రెండిట్లో గాలి సమానంగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఒకటి తగ్గితే రేక్ కూడా ఆ వైపు ఒరుగుతుంది.

2. నిదానంగా వెనక్కి తెచ్చి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి దిగండి. ఇంజను నడుస్తుండగా ట్రాక్టర్‌కీ రేక్‌కీ మధ్య ఎవరూ నిలబడకూడదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

3. ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి, చివర టాప్ లింకు. ప్రతి పిన్నుకీ లించ్ పిన్ను పెట్టండి. దాని బదులు తీగముక్క చుట్టడం వద్దు.

4. పక్క గొలుసులు బిగించండి. రేక్ అటూ ఇటూ కొంచెం కదలొచ్చు గానీ, టైరుకి తగలకూడదు.

5. నిదానంగా పైకి లేపి చూడండి. ముందు చక్రాలు తేలికైపోతే, స్టీరింగ్ పట్టు తగ్గితే ముందు బరువులు పెట్టాల్సిందే.

అసలు సెట్టింగ్

కుడివైపు లిఫ్ట్ రాడ్డు తిప్పుతూ రేక్ కడ్డీ నేలకి సమానంగా వచ్చేలా చూడండి. రెండు చివర్లలోనూ పళ్లకీ నేలకీ మధ్య ఎత్తు టేపుతో కొలవండి. కంటి అంచనా చాలదు.

తర్వాత టాప్ లింకు. దీన్ని పొట్టి చేస్తే పళ్ల కొనలు నిటారుగా కిందికి దిగి గీకుతాయి. పొడుగు చేస్తే కొనలు వాలి, నేలమీద జారుతూ పోతాయి. మనకి కావాల్సింది రెండోది. ఒక్కసారి అర చుట్టు మాత్రమే తిప్పి, 20 మీటర్లు లాగి, దిగి చూడండి.

ఎత్తుకి పొజిషన్ కంట్రోల్ లివరే వాడండి. ఒకసారి సరైన ఎత్తు దొరికాక లివర్ స్టాపర్ అక్కడ బిగిస్తే ప్రతి సాలుకీ అదే ఎత్తుకి దిగుతుంది. రేక్‌కి గేజ్ చక్రాలుంటే బరువు వాటి మీద పడేలా పెట్టుకోవడం ఇంకా మేలు. మొదటి గంట పని అయ్యాక నట్లు, బోల్టులు అన్నీ మళ్లీ బిగించండి.

ఏ పనికి ఎలా

గడ్డి కుప్ప పరవాలంటే రేక్‌ని నేలకి రెండంగుళాలు పైన ఉంచి కుప్ప మీదుగా లాగండి. సాళ్ల మధ్య ఆకుల్ని చెట్ల వైపు జరపాలంటే రేక్‌ని వాలుగా తిప్పి పిన్ను వెయ్యండి, ఆకులు ఒక పక్కకి వరసగా పడతాయి. కోత మిషను వదిలిన వరిగడ్డిని తగలబెట్టకుండా దగ్గర చేస్కోడానికి నిటారుగా, అంటే ట్రాక్టర్‌కి అడ్డంగా పెట్టాలి. తడి గడ్డి ముద్దకట్టి పళ్లకి చుట్టుకుంటుంది, మంచు ఆరాకే పని మొదలెట్టండి.

తొలకరికి ముందు నవధాన్యాలు చల్లేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. విత్తనాల మీద పల్చగా గడ్డి పొర లాగడానికి మనుషులు తక్కువ పడతారు. కొత్తగా సాగులోకి తెచ్చిన రాళ్ల నేలలో మాత్రం మొదటిసారి టాప్ లింకు కొంచెం పొట్టి చేసి రాళ్లు ఏరుకోవచ్చు. తర్వాత మళ్లీ పొడుగు చెయ్యాలి.

వేగం మనిషి గబగబా నడిచినంత, గంటకి 4, 5 కిలోమీటర్లు చాలు. పళ్లు నేలమీద ఉండగా వెనక్కి పోవద్దు, పదును మలుపు తిప్పొద్దు. పళ్లు వంగిపోతాయి.

యంత్రం ప్రకృతి సేద్యానికి తగునా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, అడగాల్సిందే. నేను పాటించే నియమం ఒకటే: నేల పైన ఉన్నదాన్ని కదిలించడానికే రేక్, నేలని తెరవడానికి కాదు. పరీక్ష కూడా సులువే. ఒక సాలు అయ్యాక దిగి పళ్లు చూడండి. తెల్లటి సన్న వేర్లు చిక్కుకున్నాయా? ఐతే లోతు ఎక్కువైనట్టు. వానపాము విసర్జన గుళికలు అక్కడక్కడా చెదరకుండా ఉన్నాయా? ఐతే సెట్టింగ్ కుదిరినట్టు. గడ్డి లాగేశాక మట్టి బోసిగా కనపడితే అక్కడ మళ్లీ కప్పకుండా ఇంటికి రావొద్దు.

నిమ్మ, బత్తాయి లాంటి వాటికి ఆహారం తీసుకునే వేర్లు పైపైనే ఉంటాయి. అందుకే చెట్టు గొడుగు కిందికి ట్రాక్టర్ పోకూడదు, అంచు దాకా రేక్ తెచ్చిపెడుతుంది, లోపల చేత్తోనే సర్దాలి. మొదలు చుట్టూ అడుగు దూరం ఖాళీ వదలండి, లేదంటే తడికి మొదలు కుళ్లుతుంది.

సొంతంగా కొనేంత పని లేనివాళ్లు నలుగురు కలిసి ఒకటి తీసుకోవచ్చు. ఐతే ఒక షరతు. ట్రాక్టర్ మారినప్పుడల్లా టాప్ లింకు, లెవెల్ మళ్లీ మొదటినుంచీ చూసుకోవాలి. ఒకరి ట్రాక్టర్‌కి కుదిరిన సెట్టింగ్ ఇంకొకరి దానికి కుదరదు.